కజ్జికాయలు విచ్చుకుంటున్నా, మర్నాటికే మెత్తబడుతున్నా ముందు పిండిని చూడండి

మీరు అడిగింది ఇది. దీపావళికి చేసిన కజ్జికాయల్లో సగం నూనెలోనే నోరు తెరిచి లోపలి పొడంతా కక్కేశాయి, నూనె నల్లబడింది. మిగిలినవి చూడ్డానికి బాగానే ఉన్నా మర్నాటికల్లా మెత్తబడి సాగుతున్నాయి. హైదరాబాద్‌లో ఉండే మీ అక్క ఇవే కొలతలతో చేస్తే మాత్రం కరకరలాడుతున్నాయి. ఇదే పిండితో మడత కాజాలు చేయొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. పిండిలో నీళ్లు ఎక్కువయ్యాయి, మంట కూడా ఎక్కువయింది. విచ్చుకోవడానికి ఒక మందు, మెత్తబడటానికి ఇంకో మందు అని వెతుక్కోకండి, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రెండింటికీ అసలు మూలం ఆ ఎక్కువైన నీళ్లే. "పూరీ పిండిలా మెత్తగా కలిపాను" అని మీరే రాశారు కదా, అక్కడే దొరికిపోయింది. కజ్జికాయల పిండి పూరీ పిండికంటే బాగా గట్టిగా ఉండాలి, కలుపుతున్నప్పుడు చెయ్యి నొప్పి పుట్టాలి. మడత కాజాకైతే ఈ గట్టి పిండి పనికిరాదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను కావలిలో ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద పిండివంటలు చేస్తాను. సారెలు, సీమంతాలు, పండగలు, చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలకు పంపే డబ్బాలు. సారెలో లడ్డూ కాస్త చితికినా ఎవరూ పట్టించుకోరు గానీ కజ్జికాయ మెత్తబడితే మాత్రం వియ్యపురాలు పదేళ్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది, అందుకని ఈ వంట విషయంలో నాకు కాస్త చాదస్తం ఎక్కువే.

మెత్తటి పిండితో ఏమవుతుందో చూడండి. ఒత్తేటప్పుడు పీటకు అంటుకుంటుంది. అంటుకుంటోందని పొడిపిండి చల్లుతారు. ఆ పొడిపిండి పూరీ అంచుల మీద కూడా ఉండిపోతుంది. మడిచి నొక్కినప్పుడు అంచుకు అంచు అతుక్కున్నట్టే కనిపిస్తుంది కానీ మధ్యలో పిండి పొర అడ్డం ఉంటుంది, అది నూనెలో పడగానే ఊడిపోతుంది. అతుకు ఊడిందంటే చక్కెర నూనెలోకి వచ్చి మాడుతుంది, మీ నూనె నల్లబడింది అందుకే. ఇక ఊడకుండా నిలిచినవాటిలో నీళ్లు ఎక్కువ కాబట్టి పైన త్వరగా రంగు వచ్చేసినా పొరలో తడి అలాగే మిగిలిపోతుంది, మంట పెద్దదైతే మరీనూ. తీసిన గంటసేపు కరకరలాడతాయి, తర్వాత ఆ తడి పొరంతా పాకి మర్నాటికి మెత్తబెట్టేస్తుంది.

మీ అక్క సంగతి కూడా చెప్పేస్తాను, ఆమె చేతి మహిమ ఏమీ కాదు. మన నెల్లూరు వైపు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది, సరిగ్గా దీపావళి ఆ రోజుల్లోనే వస్తుంది. ముసురు పట్టి, గోడలు చెమర్చి, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారే రోజుల్లో మనం కజ్జికాయలు చేస్తున్నాం. హైదరాబాద్‌లో అప్పటికి వానలు దాదాపు తగ్గిపోతాయి, గాలి పొడిగా ఉంటుంది. అక్కడ పొరలో కాస్త తడి మిగిలినా సర్దుకుపోతుంది, ఇక్కడ సర్దుకోదు. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. మీరు ఇవే కొలతలతో సంక్రాంతికి చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పిండి కొలత. మైదా అర కిలో, సన్నటి బొంబాయి రవ్వ 50 గ్రాములు, నెయ్యి 60 గ్రాములు, చిటికెడు ఉప్పు. నెయ్యి బాగా వేడి చేసి పిండి మీద పోసి, ముందు గరిటెతో, తర్వాత చేతివేళ్లతో పిండి అంతటికీ పట్టేలా రుద్దాలి. పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ముద్దలా నిలవాలి, వేలితో తడితే పొడిగా రాలిపోవాలి. అలా వచ్చాకే నీళ్లు. ఈ కొలతకు 180 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి, ఒక్కసారిగా పోయకండి. చివరి రెండు మూడు చెంచాల దగ్గరే అందరూ తొందరపడతారు, ముద్ద ఇంకా పగుళ్లుగా ఉందని ఇంకాస్త పోస్తారు. పోయొద్దు. పగుళ్లు ఉన్నా సరే దగ్గరికి చేసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పి నలభై నిమిషాలు వదిలేయండి. రవ్వ నానుతుంది, మైదా నీళ్లు పీల్చుకుంటుంది, మళ్లీ రెండు నిమిషాలు మర్దన చేస్తే నున్నగా అయిపోతుంది.

నెయ్యి ఎందుకంటారా? మైదాకు నీళ్లు తగిలితే సాగే గుణం వస్తుంది, దాన్నే గ్లూటెన్ అంటారు. నెయ్యి ముందే పిండికి పట్టి ఉంటే నీళ్లు అంత తేలిగ్గా చొరబడవు, సాగుడు తగ్గి కొరికితే పెళుసుగా విరుగుతుంది. అలాగని గుల్లగా రావాలని వంద గ్రాములు పోశారనుకోండి, పొర నూనెలో విరిగిపోతుంది, అంచులు అతుక్కోవు. మా వీధిలో ఒకావిడ నెయ్యి బదులు వనస్పతి వాడుతుంది, పెళుసుగానే వస్తాయి, కాదనను, కానీ చల్లారాక నోట్లో పైభాగానికి అంటుకుంటుంది, నాకు నచ్చదు.

వంటసోడా వేయమని మీకు ఎవరో చెప్పారన్నారు. వద్దు. సోడా వేస్తే పొర బొక్కలు బొక్కలుగా పొంగి నూనె తాగుతుంది, రంగు తొందరగా వస్తుంది, లోపల కాలిందనుకుని తీసేస్తారు. పాలతో కలపడం కూడా అంతే, రంగు ముందు వచ్చేస్తుంది, నిల్వకూ పనికిరాదు. గోధుమపిండితో చేయాలనుకుంటే సగం మైదా, సగం గోధుమపిండి వేసుకోండి, పూర్తిగా గోధుమపిండితో చేసినవి మూడోనాటికి గట్టి చపాతీ ముక్కలే అవుతాయి.

లోపలి పొడి. అర కిలో మైదాకు నేను వేసేది పుట్నాల పప్పు 250 గ్రాములు, చక్కెర 200, ఎండుకొబ్బరి తురుము 100, ఏలకులు ఏడెనిమిది. పుట్నాల పప్పును వేడి ఎక్కేవరకు మూకుట్లో కాస్త వేయించి, పూర్తిగా చల్లారాక మిక్సీలో వేయాలి. చక్కెర విడిగా పట్టండి. వేడి పప్పుతో కలిపి పట్టారంటే చక్కెర చెమ్మగిల్లి జార్ అడుగున పేస్టులా అంటుకుంటుంది, ఆ పొడి నింపితే పొర లోపలి నుంచే నానడం మొదలవుతుంది. ఎండుకొబ్బరి కూడా దోరగా వేయించి చల్లార్చాలి. ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు: కొబ్బరి ముక్కలు పెద్దవిగా ఉంటే, పూరీని మడిచి నొక్కినప్పుడు వాటి మొనలు పొరకు సన్నటి చిల్లులు పెడతాయి. కజ్జికాయ అంచు దగ్గర కాకుండా పొట్ట దగ్గర పగిలిందంటే సాధారణంగా ఇదే కారణం. అందుకే మొత్తం కలిపాక ఒకసారి జల్లెడ పట్టండి, పైన మిగిలినదాన్ని మళ్లీ మిక్సీలో తిప్పండి.

బెల్లం వాడొచ్చా అంటే వాడొచ్చు, రుచి చూస్తే నా ఓటు కూడా బెల్లానికే. నువ్వులు, వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం కలిపి దంచితే ఆ వాసనే వేరు. కానీ బెల్లానికి గాలిలో తడిని పీల్చే గుణం చక్కెరకంటే ఎక్కువ. ముసురు రోజుల్లో బెల్లంవి చేస్తే మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. సారెకైతే వానాకాలంలో నేను చక్కెర మాత్రమే వాడతాను, బెల్లంవే కావాలంటే ముందే ఈ మాట చెప్పి ఒప్పుకుంటేనే ఆర్డరు తీసుకుంటాను. పచ్చికొబ్బరి లౌజుతో చేసేవి పూర్తిగా వేరే వంట, అవి ఆ పూట, మహా అయితే మర్నాడు తినేవి. ఒకరు పచ్చికొబ్బరివే చేయించుకుని అమెరికా వెళ్లే అబ్బాయి పెట్టెలో పెట్టేశారు, ఎంత చెప్పినా వినలేదు. అక్కడ పెట్టె తెరిచేసరికి ఎలా ఉన్నాయో నేను వేరే రాయక్కర్లేదు.

ఒత్తడం, నింపడం. ముద్దను నలభై ఉండలుగా చేయండి, ఒక్కోటి ఇరవై గ్రాములు ఉంటుంది. పొడిపిండి అసలు వాడొద్దు, పిండి సరిగ్గా గట్టిగా ఉంటే అవసరమే రాదు, మరీ తప్పకపోతే పీటకు నాలుగు చుక్కల నూనె రాయండి, అంచులకు తగలనివ్వకండి. అంచులు మధ్యకంటే కాస్త పలచగా ఒత్తాలి, ఎందుకంటే మడిచాక అక్కడ రెండు పొరలు కలుస్తాయి, పైగా ముడుపు వేస్తాం, మందంగా ఉంటే ఆ అంచు ఎంత వేయించినా పచ్చిగానే ఉంటుంది. మధ్యలో ఒక చెంచా నిండుగా పొడి, అంతే. పొట్ట నిండుగా ఉండాలని రెండో చెంచా వేస్తే పగులుతుంది. అంచు చుట్టూ ఒక వేలి వెడల్పు ఖాళీ వదలండి, ఆ మేర పొడి రేణువు కూడా ఉండకూడదు. ఒక వైపు అంచుకు మాత్రమే తడివేలు రాయండి, రెండు వైపులా రాస్తే జారుతుంది.

మూసే ముందు మడత వైపు నుంచి అంచు వైపుకు బొటనవేలితో నెమ్మదిగా నిమురుతూ లోపలి గాలిని బయటికి పంపేయండి. లోపల గాలి మిగిలితే నూనె వేడికి అది వ్యాకోచించి బలహీనంగా ఉన్న చోట తన్నుకుని వస్తుంది. తర్వాత అంచు గట్టిగా నొక్కి, జడ అల్లినట్టు ముడుపు వేసుకుంటూ పోండి. చేతి ముడుపు రాకపోతే చెక్క అచ్చు వాడుకోండి, దానికి మొహమాటం అక్కర్లేదు. అచ్చుతో చేసేవాళ్లు పొడిని మరీ దట్టించకుండా, అంచు బయటికి వచ్చిన పిండిని పూర్తిగా తీసేస్తే చాలు. ప్లాస్టిక్ అచ్చులు కొన్ని అంచును అతికించే బదులు కోసేస్తాయి, కొనే ముందు పళ్ల దగ్గర వేలు పెట్టి చూడండి, పదునుగా ఉంటే వదిలేయండి.

చేసిన ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని పొట్ట మీద మెల్లగా నొక్కి చూడటం నా అలవాటు. ఎక్కడైనా సందు ఉంటే పొడి బుస్సుమని వస్తుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టి చివర్లో వేయండి, ముందే వేశారంటే నూనె మొత్తం పాడవుతుంది.

నలభై చేసిపెట్టుకుని అప్పుడు పొయ్యి వెలిగిద్దామనుకోకండి. ముందు చేసినవాటి పైభాగం ఎండి నెర్రెలు తీస్తుంది, అడుగుభాగం మాత్రం లోపలి చక్కెర వల్ల చెమ్మగిల్లి పళ్లేనికి అంటుకుంటుంది. ఒక్కరే చేస్తుంటే పన్నెండు చేసి, అవి వేయించి, మళ్లీ పన్నెండు చేయండి. ఉండలు తడిగుడ్డ కింద ఉండాలి, చేసిన కజ్జికాయలు పొడిగుడ్డ కింద.

నూనె దగ్గర. ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. థర్మామీటర్ ఉంటే 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచండి. లేకపోతే గోళీ అంత పిండి ముద్ద వేసి చూడండి. అడుగుకు వెళ్లి, కాసేపు అక్కడే ఉండి, సన్నటి బుడగలతో తీరిగ్గా పైకి రావాలి. వేయగానే పైకి తేలి రంగు మారిందంటే నూనె మరీ కాగింది, మంట తగ్గించి ఆగండి. అసలు తేలకపోతే చల్లగా ఉంది, అప్పుడు వేస్తే నూనె తాగుతాయి. పొర మీద బొబ్బలు బొబ్బలుగా లేస్తున్నాయంటే కూడా వేడి ఎక్కువైందని లెక్క, కొందరు ఆ బొబ్బలు చూసి గుల్లగా వస్తున్నాయని సంబరపడతారు.

లీటరు నూనె ఉన్న బాండట్లో ఐదారుకంటే ఎక్కువ వేయకండి. వేసిన వెంటనే గరిటె పెట్టి కదిలించొద్దు, అర నిమిషం ఆగి, పైభాగం మీదకి నూనె చిమ్ముతూ, తర్వాత తిప్పండి. మొత్తం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాల్లో అయిపోయాయంటే అవ్వలేదన్నమాటే. రంగు చూడ్డంకంటే చెవి పెట్టి వినండి, నేను పనికి వచ్చే అమ్మాయిలకు ముందు నేర్పేది ఇదే. వేసినప్పుడు నూనె గలగలమంటుంది, కజ్జికాయ చుట్టూ తెల్లటి నురగ దట్టంగా ఉంటుంది. అదంతా పిండిలోని నీరు ఆవిరై పోవడమే. నిమిషాలు గడిచేకొద్దీ నురగ పలచబడి, ఒక్కొక్క బుడగ విడివిడిగా కనిపిస్తుంది, చప్పుడు సన్నగిల్లి దాదాపు ఆగిపోతుంది. అప్పుడు చిల్లుల గరిటెతో ఒకదాన్ని ఎత్తి ఇంకోదానికి తాకిస్తే టకటకమని మోగాలి. ఆ మోత వచ్చాకే తీయండి. లేత బిస్కెట్ రంగు చాలు, బయటికి వచ్చాక వేడికి ఇంకాస్త ముదురుతుంది.

తీసినవాటిని చిల్లుల పళ్లెంలో ముడుపు కిందికి ఉండేలా నిలబెట్టండి, ఆ మడతల్లో దాక్కున్న నూనె కారిపోతుంది. న్యూస్ పేపరు మీద వేయకండి, సిరా అంటుతుందని ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు కూడా వద్దనే చెప్తున్నారు. ఇక డబ్బాలో పెట్టడం. చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించినా లోపలి పొడి ఇంకా వెచ్చగానే ఉంటుంది, మూత పెడితే ఆ వేడికి డబ్బా లోపల చెమ్మ పడుతుంది. రెండు మూడు గంటలు ఆగాలి, అలాగని ముసురు రోజున రాత్రంతా ఆరుబయట వదిలేసినా నాశనమే. ఫ్యాను కింద చల్లార్చి, పొడి స్టీలు డబ్బాలో పెట్టి బిగుతుగా మూత పెట్టండి. పిల్లలు పూటకు పదిసార్లు డబ్బా తెరిచే ఇల్లయితే తినేందుకు చిన్న డబ్బా ఒకటి వేరే పెట్టుకోండి.

నల్లబడ్డ ఆ నూనె కూరల్లోకి వాడొచ్చా అని కూడా ఒక ముక్క రాశారు కదా. చక్కెర మాడి, చేదు వాసన వస్తుంటే పారేయండి, నూనె ధర చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది కానీ తప్పదు. మామూలుగా ఏమీ చిట్లకుండా వేయించిన నూనె అయితే వడగట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేసుకోవచ్చు. పదేపదే కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి, అంటే నూనె చెడిపోయేకొద్దీ అందులో పుట్టే పదార్థాలు, పెరుగుతాయి, అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని నిబంధన ఉంది, ఇంట్లో మనం కొలవలేం కాబట్టి చిక్కబడటం, నురగ రావడం, ఘాటు వాసన, వీటిలో ఏది కనిపించినా ఆపేయడమే.

ఇప్పుడు మీ డబ్బాలో మెత్తబడి మిగిలినవి ఉన్నాయి కదా, వాటిని మళ్లీ నూనెలో వేయకండి, లోపలి చక్కెర కరిగి పగులుతాయి. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు, లేకపోతే అడుగు మందమున్న పెనం మీద బాగా సన్నటి సెగన, మూత పెట్టకుండా, అటూ ఇటూ తిప్పుతూ వేడి చేసి చల్లారనివ్వండి. కొత్తవాటిలా కావు గానీ తినేలా అవుతాయి.

మడత కాజాల సంగతి. కజ్జికాయకు పొర పెళుసుగా ఉంటే చాలు, లోపలి తీపి లోపలే ఉంటుంది. కాజాకు అలా కాదు, మడతలు విడివిడిగా విచ్చుకోవాలి, ఆ సందుల్లోకి పాకం దిగాలి. రవ్వ వేసిన గట్టి పిండిని అంత పలచగా ఒత్తలేరు. అందుకే కాజాకు రవ్వ లేకుండా, నెయ్యి తగ్గించి, పిండి మెత్తగా కలపాలి, అంటే మీరు దీపావళికి కలిపారే, అలాంటిది. గంటసేపు నాననిచ్చి, పెద్ద రొట్టెలా పలచగా ఒత్తి, నెయ్యిలో బియ్యప్పిండి కలిపిన ముద్దను పైన పూసి, చాపలా చుట్టి, అంగుళం ముక్కలుగా కోసి, ఒక్కోదాన్నీ కర్రతో మెల్లగా ఒకసారి నొక్కాలి. నూనె కజ్జికాయకంటే కూడా తక్కువ వేడిలో మొదలుపెట్టి, పొరలు విడిపోయాక మంట పెంచాలి. చక్కెర పాకం తీగ రాకముందే, వేళ్లకు జిగురుగా తగిలే దశలోనే దించి, గడ్డకట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. పాకం గోరువెచ్చగా, కాజా వేడిగా ఉన్నప్పుడు ముంచి రెండు మూడు నిమిషాల్లో తీసేయాలి. మొదటిసారి పావుకిలో మైదాతోనే చేయండి, ఎక్కువ వద్దు.

పనిలో పనిగా నెల్లూరు మలైకాజా కూడా ఇంట్లో చేసుకోవచ్చా అని మీరు అడగబోతారని నాకు తెలుసు, ఎందుకంటే కాజా అడిగిన ప్రతివాళ్లూ తర్వాత అదే అడుగుతారు. దాన్ని మాత్రం బజారులో కొనుక్కోండి. మంచి కోవా తెచ్చి, అది విరగకుండా వేయించి, పాకం పట్టించి అంత తంటా పడ్డాక కూడా మిఠాయి కొట్టు రుచి రాదు. నేనైతే ఆర్డరు వచ్చినా ఒప్పుకోను.